చక్రాల మీద పోర్టా క్యాబిన్

మా బాపు ఫుజైరా క్వారీల్లో రాళ్ళు కొట్టి నన్ను చదివించాడు. క్వారీకి దగ్గరలోనే సముద్రం. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టలేదట. కరోనా తగ్గాక విజిట్ వీసా మీద దుబాయ్ కరామాలోని మా ఫ్లాట్‌కి వచ్చినప్పుడు మాటల్లో అన్నాడు. వీసా అయిపోయేలోగా ఆయన్ని ఆ ఒడ్డున ఒక్క రాత్రయినా పడుకోబెట్టాలని పట్టుపట్టాను.

హోటలంటే బాపు ససేమిరా అన్నాడు. అప్పుడే ఒక పాత కారవాన్ అమ్మకానికి ఉందని తెలిసింది. లోపల పడకలు, చిన్న పొయ్యి, సింకు. ధర విని మా ఆయన, "మనముండే ఇల్లే కిరాయిది. నీకు ఇంకో ఇల్లా, అదీ చక్రాలదా?" అని దండం పెట్టాడు.

అయినా సెలవు రోజు బాపును వెంటబెట్టుకుని చూడటానికి వెళ్ళాం. ఆయన గోడను వేళ్ళతో తట్టాడు. పై బెర్తు చూశాడు. ఫక్కున నవ్వాడు.

"పోర్టా క్యాబిన్‌కు చక్రాలు పెట్టిన్రు గదనే! లేబర్ క్యాంపుల గిసొంటి రేకుల అర్రలల్లనే నా ఉమ్మరంత పాయె. దీంట్ల పండుటానికి మీరు ఎదురు పైసలిస్తరా?"

నాకు తిక్కరేగింది. ఇదంతా ఎవరి కోసం? ఇంటికొచ్చి అన్నం గిన్నె టేబుల్ మీద పెట్టి పక్కకు తిరిగి కూర్చున్నాను.

బాపు తనే ప్లేట్లు తెచ్చాడు. "అలిగినవా బిడ్డా? అంత మనసయితే కొనుండ్రి. అయితే ఒక్కరే ఎందుకు కొనుడు? క్యాంపుల ఇద్దరికి ఒకటే మంచం. నేను పగటి డ్యూటీకి పోతే రాత్రి డ్యూటీ ఆయన వచ్చి పండుతుండె. మేం మంచమే పంచుకున్నం, మీకు బండి పంచుకునుడు కష్టమా?"

పై అంతస్తులో ఉండే నెల్లూరు అక్క తలుపు తట్టాను. వాళ్ళాయనది ఏసీ రిపేర్ల పని, లాగడానికి పికప్ కూడా ఉంది.

"ఏంది మే, నిజంగానా? మా పిలకాయలు బీచికి పోదామని రోజూ నన్ను చంపతా ఉండారు!" అంది అక్క.

సగం సగం వేసుకుని కొన్నాం. ఒక వారం మాది, ఒక వారం వాళ్ళది. క్యాంపు కాయిదా బాపు పెట్టాడు: దిగినవాళ్ళే దుప్పట్లు మార్చాలి, నీళ్ళ ట్యాంకు నింపాలి. బాపు వీసా అయిపోవస్తోందని మొదటి వంతు అక్క మాకే ఇచ్చింది. వాళ్ళాయన కారవాన్‌ను ఫుజైరా ఒడ్డుకు లాక్కొచ్చి వదిలి వెళ్ళాడు. మా పాప పై బెర్తు ఎక్కేసింది. అంత నవ్విన బాపు, కింద పడక మీద వాలగానే గుర్రుపెట్టాడు.

తెల్లవారుజామున చూస్తే ఆ పడక ఖాళీ. బయటికొస్తే బాపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, బూట్లు వేసుకుని తయారయ్యాడు. రాత్రి మిగిలిన అన్నం టిఫిన్ డబ్బాలో సర్దుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎటు పోతున్నవ్ బాపూ?"

డబ్బా వంక చూసుకుని సిగ్గుపడ్డాడు. "గీ క్యాబిన్ల కండ్లు తెరిచేసరికి డ్యూటీ ఉందనుకున్న బిడ్డా. కంపెనీ బస్సు కోసం చూస్తున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఖలాస్! ఇయ్యాల బస్సు రాదు" అంటూ బూట్లు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు.

అప్పటికే లేచొచ్చిన పాప తాత చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి లాగింది. అల పాదాల మీదికి రాగానే బాపు ఉలిక్కిపడ్డాడు.

"అమ్మో, సల్లగున్నయే! ఇన్నేండ్లు బస్సు కిటికీలకెళ్ళి చూసి, ఉడుకుగుంటయనుకున్న."