కుప్పంలో తీసిన అచ్చులు

మదనపల్లెలోని నా క్లినిక్‌కు పళ్ల స్కానర్ వచ్చిన కొత్తలో దాని మీద నాకు నమ్మకం కుదరలేదు. వంకర పళ్లు సరిచేసే పనిలో ఇరవై ఏళ్లుగా నా కళ్లు, వేళ్లు ప్లాస్టర్ నమూనాలకే అలవాటుపడ్డాయి: నోట్లో మెత్తటి ముద్ద అదిమి అచ్చు తీయడం, అందులో ప్లాస్టర్ పోయడం. అందుకని నమూనా ఉన్న పిల్లల నోటిని కూడా స్కాన్ చేసి, రెండు కొలతలూ పోల్చుకునేదాన్ని. దాదాపు అందరికీ తేడా వెంట్రుకవాసే.

ఒక్క అమ్మాయి దగ్గర కొలత కుదరలేదు. వాళ్లది సదుం పక్క పల్లె, చదువు కుప్పం హాస్టల్లో; గురువారాలు నేను కుప్పం వెళ్లి అక్కడి పిల్లల పళ్లు చూసేదాన్ని. ప్లాస్టర్ ప్రకారం పళ్లకు చోటు చాలదు, నాలుగు తీసేయాలి. శనివారం పుంగనూరులో తీయడానికి చీటీ కూడా రాసిచ్చాను. ఇంటికొచ్చినప్పుడు మదనపల్లెలో తీసిన స్కాన్‌లో మాత్రం రెండు మిల్లీమీటర్ల చోటు ఎక్కువగా కనబడింది. అంత ఉంటే ఏ పన్నూ తీయకుండానే సర్దవచ్చు.

తప్పు స్కానర్‌దే అనుకున్నాను. మళ్లీ కొలిచాను. అన్నం దగ్గర నుంచి లేచి వెళ్లి ఇంకోసారి కొలిచాను. శుక్రవారం ఉండబట్టలేక, మాకు ప్లాస్టర్ పోసే పెద్దాయన్ని అడిగాను. మిషన్ ఆసుపత్రి ల్యాబులో రిటైరైన మనిషి.

"ఆ అచ్చు నా సేతికొచ్చేసరికే అంచులు ఎండిపోయుండాయమ్మా. కుప్పం నుంచి వచ్చేవి శానా అట్లనే ఉంటాయి. డాక్టరమ్మకు తెలీకుండా ఉంటుందా అని ఊరుకుంటి."

కుప్పంలో తీసిన అచ్చులు తడిగుడ్డలో చుట్టి కారులో పెట్టేదాన్ని. దారిలో పుంగనూరులో పేషెంట్లను చూసుకుని మదనపల్లె చేరేసరికి సాయంత్రం. అచ్చు ఎండితే ముద్ద ముడుచుకుని పళ్ల గుంతలు వెడల్పవుతాయి, అందులో పోసిన పళ్లు అసలు కంటే లావుగా వస్తాయి. ఇది నేను చదువుకున్నదే.

శనివారం అందరికంటే ముందు పుంగనూరు చేరి, ఆ అమ్మాయి పళ్లను నోట్లోనే కొలిచాను. స్కాన్‌తో సరిపోయాయి. పీకాల్సిన పని లేదని చెబితే వాళ్లమ్మ నన్ను అనుమానంగా చూసింది.

"ఆ పొద్దు నాలుగు తీయాలంటిరి. ఈ పొద్దు వద్దంటాండారు. యాది నిజమమ్మా?"

పోయినసారి కొలత తప్పిందని, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. కుర్చీలోంచి ఆ పిల్ల అంది: "మా హాస్టల్లో ఇద్దరికి ముందే పీకినారు మేడం. వాళ్లకీ ఇట్లే కొలిసింటిరా?"

గురువారం దాకా ఆగలేక మర్నాడే కుప్పం వెళ్లి ఆ ఇద్దరి పళ్లూ కొలిచాను. ఒకరి పళ్లు పాత నమూనాతో సరిపోయాయి. రెండో అమ్మాయి పళ్లు నమూనాలో కంటే సన్నగా ఉన్నాయి. ఆమెకు బహుశా ఆ నాలుగూ తీయకుండా ఉండాల్సింది.

ఆ రెండో అమ్మాయి నాన్నకు ఫోన్ చేశాను. పలమనేరులో టమాటా దింపుతున్నాడు. అంతా విన్నాడు.

"పళ్లు సక్కగానే ఉండాయి కదమ్మా. ఇప్పుడు యాల సెప్తాండారు?"

"నాకు తెలిసింది కాబట్టి, మీకూ తెలియాలప్పా," అన్నాను.

సరే అని ఫోన్ పెట్టేశాడు. తర్వాతి నెల కూతురితో తనే వచ్చాడు. నేను పని ముగించేదాకా పక్కనే నిలబడి చూశాడు.

స్కానర్ ఇప్పుడు నాతోపాటు కుప్పం వస్తుంది. అక్కడి పిల్లల పాత నమూనాల పెట్టెలను మాత్రం రోజుకొకటి తెరుస్తున్నాను. అచ్చు ఎండాక పోసిందో, తడిగా ఉండగా పోసిందో ప్లాస్టర్‌ను చూస్తే తెలియదు. పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిపించి కొలుస్తున్నాను. కొందరు ఆ ఊళ్లో లేరు.