మూడు సద్దుల దూరం

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు విమానమంటూ ఉంటే అరగంట కూడా పట్టదని మొన్న మా మనుమరాలు ఫోన్లో చూసి చెప్పింది. లేని విమానానికి ఆ లెక్క ఎవరు కట్టారో గానీ నాకు నవ్వొచ్చింది. మా చిన్నతనంలో ఆ దూరాన్ని ఎవరూ గంటల్లో చెప్పలేదు. బాపును అడిగితే "మూడు సద్దుల దూరం బిడ్డా" అనేవాడు. సద్దంటే దారిలో తినడానికి కట్టుకునే తిండి.

నైజాం రాజ్యం పోయి కొన్నేళ్లయింది. నాకప్పుడు ఏడేళ్లు. ఆదిలాబాద్‌లో కాపురమున్న అక్కను బతుకమ్మకు తోలుకొద్దామని బయలుదేరిన బాపు నన్నూ వెంటబెట్టుకున్నాడు. అవ్వ కోడి కూయకముందే లేచి జొన్నరొట్టెలు కాల్చి, ఎల్లిపాయ కారం, నువ్వుల పొడి పెట్టి, మోదుగాకుల్లో మూడు మూటలు కట్టింది. మూడోది ఆదిలాబాద్ చేరాక బాపు తినాల్సింది. బిడ్డకు కాన్పయ్యేదాకా తండ్రి ఆమె ఇంట్లో గానీ ఆమె చేతిది గానీ మెతుకు ముట్టకూడదని మా పట్టింపు. హోటలు తిండి ఆయనకు అసలే గిట్టదు.

పెద్దపల్లి దాకా బస్సు, అక్కడ రైలు, గోదావరి వంతెన మీద అందరూ కిటికీల్లోంచి దండాలు పెడుతుంటే ముఖానికి తగిలిన నీటిగాలి, మంచిర్యాలలో మళ్ళీ బస్సు, దారి పొడవునా పూసిన తంగేడు, తరగని టేకు అడవి. రెండు సద్దులు అయిపోయాయి, ఊరు రాలేదు. మూడోదీ అయిపోతే దూరం కూడా అయిపోతుంది కదా అని నాకు తోచింది. బాపు కునుకు తీస్తుంటే మొత్తం తినేశాను. ఊరు రాలేదు గానీ కడుపునొప్పి వచ్చింది.

పొద్దుగూకే వేళకు చేరాం. అక్కవాళ్ల అత్త పీట వేయబోతే, "మాకు సద్దున్నది వదినె" అంటూ బాపు మూట విప్పాడు. అందులో ఆకులే ఉన్నాయి. నేను బావురుమన్నాను.

"తిన్నది నా బిడ్డనే గదా, ఫికర్ లేదు" అన్నాడు బాపు.

"రేపు గంత దూరం ఉత్త కడుపుతోని ఎట్ల పోతవ్ బాపూ?" అంది అక్క, కళ్లనిండా నీళ్లతో.

 అత్త పెరటి తలుపు వైపు చూసి గడ్డంతో సైగ చేసింది. అక్క నా చెయ్యి పట్టుకుని పక్కింటికి పరుగెత్తింది. ఆ ఇంట్లో ఉండే మరాఠీ ముసలమ్మను వాడంతా మౌషి, అంటే పిన్ని, అనేవారు. మౌషి పిండి గిన్నె అక్క ముందుకు తోసి తను పక్కకు జరిగింది. అక్క చకచకా రొట్టెలు కొట్టింది. మౌషి బాపును తన అరుగు మీదికి పిలిచి, "మా ఇంటి రొట్టె దాదా, తినుండ్రి" అంటూ పళ్లెం పెట్టింది.

అక్క చేసే రొట్టె అంచు ఒకవైపు మందంగా ఉండేది, అవ్వ ఎంత తిట్టినా మారలేదు. బాపు రొట్టెను చేతిలో తిప్పి, ఆ అంచు దగ్గర ఆగాడు. ఆయనకు తెలిసిపోయింది.  అయినా అక్కడే తుంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మంచిగున్నది మౌషీ. ఇంకోటి కాల్చుమను" అన్నాడు. గోడవతల అక్క నవ్వు నాకు వినిపించింది.

ఇప్పుడా పట్టింపు లేదు. మా ఆయన మా బిడ్డ ఇంటికి మొదటిసారి పోయినరోజే మారు వడ్డించుకున్నాడు, మంచిదే. మోదుగాకు మూటలు పోయాయి, మౌషి అరుగు రోడ్డు వెడల్పులో పోయింది. ఇంట్లో రెండు రొట్టెలకు మించి ముట్టని మా బాపు మాత్రం ఆ సాయంత్రం తలెత్తకుండా ఐదు తిన్నాడు.