సున్నం పగిల్చిన చేతులు

“...మా ఆవిడ చెయ్యి కూరగాయల చాకుతో తెగిందని చెప్పేశానండి. డాక్టరుగారు అదే రాసేసుకున్నారు.”

భీమశంకరం ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తన అరచేతులే చూసుకుంటున్నాడు. మయూర్ విహార్ నుంచి గంజి ఫ్లాస్కు పట్టుకొచ్చిన నిరంజన్ పక్కన చేరాడు. ప్రతి ఆదివారం భీమశంకరం చెరువు దగ్గర బతికున్న బొచ్చె చేప కొనుక్కెళ్ళే మనిషి. మాటకు తొందరపెట్టే అలవాటు లేదు.

భీమశంకరం ఆకివీడు నుంచి ఉత్తరాదికి వచ్చి, నజఫ్‌గఢ్ అవతల చౌదరిగారి చెరువు కౌలుకు తీసుకుని ఎనిమిదేళ్ళు. చెరువు నీళ్ళు నాలిక మీద వేసుకుని, చేప మేత తింటుందో లేదో చెప్పేవాడు. పోయిన వారం మాత్రం నాలిక ఏమీ చెప్పలేదు. చేపలు ఒడ్డుకొచ్చి ఒరిగిపోయాయి. పొలుసుల కింద ఎర్ర మచ్చలు, రెక్కల మొదట్లో పుళ్ళు. బాక్టీరియా అన్నాడు మందుల కొట్టు భయ్యా, సున్నం చల్లమన్నాడు.

భార్య సుభద్ర తట్ట నడుముకు ఆనించుకుని, ఊళ్ళో చల్లినట్టే ఒట్టి చేతులతో చల్లింది. వేళ్ళ సందులు పగిలాయి. కొబ్బరినూనె రాసుకుని, మర్నాడు ఆ చేతులతోనే జబ్బు చేపలు ఏరింది. బొటనవేలి మొదట్లో ముల్లు దిగింది.

“నేను చూశానండి. నేనే లాగి పారేసి, పని కానిమ్మన్నాను.”

రాత్రికే జ్వరం. పొద్దున డాక్టరు ఎరుపు ఎక్కడిదాకా ఉందో మణికట్టు దగ్గర పెన్నుతో గీత గీశాడట. మధ్యాహ్నానికి ఎరుపు ఆ గీత దాటి పైకి పాకింది. ఆ రంగు భీమశంకరానికి కొత్త కాదు. అలా ఎర్రబడిన చేప మూడో రోజుకు చచ్చి తేలిపోతుంది. ఇవాళ రెండో రోజు. వేళ్ళు మడిచి మళ్ళీ విప్పాడు.

అబద్ధం ఎందుకు చెప్పావని నిరంజన్ మెల్లగా అడిగాడు. చెరువులో జబ్బని పొక్కితే ఆదివారం ఒక్కరూ రారు, చౌదరి చెరువు లాగేసుకుంటాడు, అదీ భయం. నిరంజన్ కోప్పడలేదు. ఏ జబ్బో తెలియకుండా నువ్వు చెరువులో మందు వేస్తావా అని మాత్రం అడిగాడు. భీమశంకరం తల అడ్డంగా ఊపాడు.

లోపలినుంచి ఆయా వచ్చింది. పేషెంటు మాట తడబడుతోందనీ, చెయ్యి మోచేతి దాకా ఎర్రబడిందనీ చెప్పి వెళ్ళిపోయింది. భీమశంకరం లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

“అబద్ధానికి నా హిందీ సరిపోయిందండి. నిజానికి చాలట్లేదు. మీరెళ్ళి చెప్పండి బాబూ. చాకు కాదు, చేప ముల్లనండి. పుళ్ళు పడ్డ చేపలనండి, ఒక్కటి కాదు, చెరువంతా అనండి. చెరువు పోతే పోనీండి.” లోపలికి చెయ్యి చూపించాడు. “సున్నం మాట మర్చిపోకండి. ముల్లు లాగింది నేనేనని కూడా చెప్పండి. వెళ్ళండి, ఫ్లాస్కు ఇక్కడ పెట్టేసి వెళ్ళండి.”