బావగారి క్లారినెట్, ఒకే ఒక్క మైకు

మొన్న ఇక్కడ కువైట్‌లోనే, రిగ్గైలో తెలిసినవాళ్ళింటికి భోజనానికి వెళితే, ఊళ్ళో జరిగిన వాళ్ళమ్మాయి పెళ్ళి వీడియో పెట్టారు. ఊరేగింపులో బ్యాండువాళ్ళు బుగ్గలు పగిలేలా ఊదుతున్నారు. వినబడేది మాత్రం పైన అతికించిన సినిమా పాట. నాకు ఒళ్ళు మండిపోయింది. విస్తరి ముందు ఈ రుసరుసలేమిటని మా ఆవిడ మోచేత్తో పొడిచింది గానీ, కారణం ఆవిడకి తెలియంది కాదు. మా అక్క మొగుడు కోనసీమలో పెళ్ళిళ్ళకి క్లారినెట్ వాయించి వాయించి కువైట్ వచ్చిన మనిషి. ఇలాంటి వీడియోలు ఎన్నింటిలోనో కనబడతారు. ఒక్కదాంట్లోనూ వినబడరు.

తొంభైల చివర్లో ఆయనా నేనూ ఖైతాన్‌లో ఒకే గదిలో ఉండేవాళ్ళం. ఆయనది ఏసీలు బాగుచేసే పని. ఫింటాస్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరుగారింట్లో ఏసీ విప్పుతూ, మూలనున్న క్లారినెట్ చూసి ఉండబట్టలేక, సైగలతో అడిగి మరీ ఊదారట. దాంతో ఆ ఇంజనీరుగారి జాజ్ బ్యాండులో చేరిపోయారు. వెనకటి అమెరికా వీధి బ్యాండుల పాటల్ని ఆ కాలంలో ఎలా వాయించేవారో అచ్చం అలాగే వాయించాలని పంతం పట్టిన బృందం అది. శుక్రవారాలు సాధన. జాజ్ అంటే ఏమిటో బావగారికి చివరిదాకా తెలియదు. ట్రంపెట్ ఎటు పోతే అటు అల్లుకుపోవడం మాత్రం ఆయన పెళ్ళిళ్ళలో చేసిన పనే. ఆయనకీ ఇంజనీరుగారికీ మధ్య మాటలు అటూ ఇటూ మోసే ఉద్యోగం నాది.

ఇంజనీరుగారి కాంట్రాక్టు అయిపోవచ్చింది. వెళ్ళేలోపు క్యాసెట్టు చేద్దామన్నారు. సరిగ్గా అప్పుడే బావగారి ముందుపళ్ళు కదలడం మొదలెట్టాయి. తీసేయాల్సిందేనన్నాడు డాక్టరు. అవి పోతే క్లారినెట్ ఖలాస్.

"ఒక్కసారి నా ఊదుడు నాకు ఇనపడాలిరా. ఆ తర్వాత ఏం పీక్కుంటాడో పీక్కోమను" అన్నారు బావగారు.

తీరా రికార్డింగు నాడు హాలు మధ్యలో ఒకే ఒక్క మైకు పెట్టారు ఇంజనీరుగారు. ఆ పాటలు పుట్టిన రోజుల్లో ఒకటే ఉండేదట. ఆ రోజుల్లో ఏసీ కూడా లేదు కదండీ అని నోటిదాకా వచ్చింది. ఎవరు నిలబడాల్సిన చోట వాళ్ళకి సుద్దతో గీతలు గీశారు. యల్లా, ఇక కానివ్వండి అన్నారు. పాట మొదలైంది, బావగారు నడక మొదలెట్టారు. పాతికేళ్ళు ఊరేగింపుల్లో నడుస్తూ ఊదిన మనిషి మరి. మైకు దగ్గరికి వస్తే హోరు, గోడ దాకా పోతే పీలగొంతు. కుర్చీలో కూర్చోబెడితే స్వరం చచ్చిపోయింది. గీత మీద నిలబెడితే కీచుమంది.

"కాళ్ళు ఆగితే ఊపిరాగిపోద్దిరా, నేనేం చెయ్యను?"

"పోనీ మైకు చుట్టూ తిరగండి బావా, దూరం మారదు" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

"గుడి చుట్టూ తిరగడానికి సన్నాయోళ్ళున్నారు. మాది వీధి."

ఈ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పను? మరో మైకు పెట్టమని ఇంజనీరుగారిని బతిమాలాను. ససేమిరా అన్నారు. ఇద్దరూ ఇద్దరే. వీధిలో నడిచి వాయించినవాళ్ళ పాటకి నడిచే మనిషి పనికిరాడట. చివరికి ఇంజనీరుగారే విసిగిపోయి, ఇతన్ని ఇతని దారిన వదిలేయండన్నారు. అప్పుడు వాయించారు బావగారు. అలాంటి క్లారినెట్ నేను మళ్ళీ వినలేదు.

క్యాసెట్టు చేతికొచ్చేసరికి ఇంజనీరుగారు వెళ్ళిపోయారు, పళ్ళూ పోయాయి. అందులో అందరూ ఉన్నచోటే ఉన్నారు. బావగారొక్కరే వస్తూ పోతూ ఉన్నారు. ఖైతాన్ గదిలో టేప్‌రికార్డరు పక్కన గొంతుక్కూర్చునేవారు. క్లారినెట్ దూరమవగానే వాల్యూం పెంచేవారు, దగ్గరికి రాగానే తగ్గించేవారు. ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి, ఇదే ధ్యాస. "ముందు చెయ్యి తీసి వినండి బావా" అని ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. పాట అయిపోయేది. విననే లేదంటూ మళ్ళీ వెనక్కి తిప్పేవారు.

పోయేదాకా అంతే. ఇప్పుడా పాట నేను పెట్టుకుంటాను. ఆయన దూరమవుతున్నప్పుడు నా చెయ్యీ ఊరుకోదు. గడిచిపోయిన కాలాన్ని చేతులు ముడుచుకుని వినడం ఆయనకి చేతకాలేదు, నాకూ చేతకావడం లేదు.