లాకు లేని ఆకుపచ్చ డోరు

మొన్న ఎవరో మోటారు సైకిలువాడు నా కారు పక్కద్దం విరగ్గొట్టి వెళ్లిపోతే, మెకానిక్ ఫోన్ మీద వేలు ఆడించి కొత్తది తెప్పించాడు. మర్నాటికల్లా అట్టపెట్టెలో, బుడగల కాగితం చుట్టుకొని, ఎండ మొహం ఎన్నడూ చూడని వస్తువులా వచ్చింది. విప్పితే ప్లాస్టిక్ వాసన తప్ప ఇంకేమీ లేదు. నాకు నిజంగా కోపమొచ్చింది. కారు సామాను అంటే ఇట్లాగేనా ఉండేది? వానకు తడిసి ఎండకు ఎండిన తుప్పు, మాడిన ఇంజన్ ఆయిలు, కిరసనాయిలు, ఎలుకలు కొరికిన సీట్లలోంచి కొబ్బరిపీచు, వాటన్నిటి నడుమ మొలిచిన గునుగుపూల పచ్చివాసన, ఇవన్నీ కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలితే అది కారు సామాను. బతుకమ్మ పండుగ అంటే అందరికీ తంగేడు పూలు గుర్తొస్తాయి. నాకు గ్రీజు గుర్తొస్తుంది.

మా నాన్నకు జగిత్యాలలో టెంట్ హౌస్ ఉండేది. పెళ్లిళ్ల కాలమంతా షామియానాలు, కుర్చీలు, వంటగిన్నెలు ఊళ్లకు పంపడం, ఆషాఢం వచ్చిందంటే ఖాళీగా కూర్చోవడం. ఖాళీగా కూర్చుంటే నాన్నకు ఆలోచనలు వచ్చేవి, నాన్నకు ఆలోచన వస్తే అమ్మకు భయం వచ్చేది. అట్లాంటి ఒక ఆషాఢంలో సారంగాపూర్‌లో ఎవరి పశువుల కొట్టంలోనో ఏళ్లుగా పడి ఉన్న తెల్ల అంబాసిడర్ కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చి మా ఇంటి ముందు నిలబెట్టాడు. నిలబెట్టాడు అనడమే గాని అది నిలబడలేదు, ఒక పక్కకు ఒరిగింది. వెనక సీటులో గుడ్లు పొదుగుతున్న కోడి ఒకటి ఊరు మారినా లేవకుండా దాంతోపాటే వచ్చింది. ఎడమవైపు ముందు డోరు పశువుల ఉచ్చకు సగం కరిగిపోయి, తాడు విప్పుతుండగానే ఊడి వీధిలో పడింది. అమ్మ గడపలో నిలబడి అంతా చూసి, "కోడి మంచిగున్నది" అని లోపలికి వెళ్లిపోయింది.

మా మేనమామ కాలు విరగకపోతే ఆ కారు అట్లాగే ఇంటి ముందు కోళ్ల గూడై ఉండిపోయేది. అమ్మ పుట్టిల్లు వేములవాడ. మామ సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు, మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. ఏటా బతుకమ్మకు వచ్చి చెల్లెలిని తోలుకపోయేవాడు. మా దిక్కు ఆడబిడ్డ పండుగకు పుట్టింటికి తనంతట తాను పోదు, అన్నో తమ్ముడో వచ్చి తోలుకపోవాలి, లేకుంటే అది పిలవని పేరంటమే. ఆ ఏడు పండుగకు ముందు మామ సైకిలు మీంచి పడి కాలికి కట్టుతో మంచాన ఉన్నాడని కబురొచ్చింది. అమ్మ పొయ్యి ముందు కూర్చొని పెంక మీద జొన్నరొట్టె నల్లగా మాడేదాకా చూస్తూ ఉండిపోయింది. అది చూసి నాన్నకు పౌరుషం వచ్చింది.

"మీ అన్న రాకుంటేంది? సద్దులకు నిన్ను మన కార్ల తీస్కపోత."

అమ్మ నవ్వేస్తుందనుకున్నాను. కాని నమ్మింది. ఆ నమ్మకంతో వాడకట్టంతా చెప్పింది, వేములవాడకు కబురు పంపింది, అక్కడ మా అమ్మమ్మ వాళ్ల వాడకట్టంతా చెప్పింది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంజన్ దగ్గైనా దగ్గని కారులో మేము వస్తున్నామని రెండు ఊళ్లకు తెలిసిపోయింది. అమ్మ పుట్టింటికి పోవడమూ, నాన్న పరువూ ఆ తెల్ల డబ్బా మీద పడ్డాయి.

అప్పటినుంచి మొదలైంది మా వేట. నాన్న నన్ను వెంట తీసుకపోయేవాడు, ఆడపిల్ల పక్కనుంటే బేరంలో బూతులు దొర్లవని. అబ్బ, ఆ తిరుగుడు! జగిత్యాల తుక్కు షెడ్డులో లారీలు, జీపులు, కార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి; కింద వాన నీళ్ల మీద నూనె పడి నెమలి రంగులు తేలేవి. అక్కడ రేడియేటరు దొరికింది. సిరిసిల్ల షెడ్డు సాంచాల వాడలోనే ఉండేది. కారు సామానులో విరిగిన సాంచా ముక్కలు కలిసిపోయి ఏది దేనిదో తెలిసేది కాదు, చుట్టూ టకటకల్లో నాన్న చెప్పిన ధర షెడ్డు యజమానికీ, ఆయన చెప్పిన ధర నాన్నకూ వినపడక, ఇద్దరూ వేళ్లతోనే పోట్లాడుకునేవాళ్లు. అక్కడ హారన్ దొరికింది. నేను దాన్ని ఒళ్లో పెట్టుకొని బస్సులో జగిత్యాల దాకా వచ్చాను, మోగని హారన్‌ను నోటితో మోగించుకుంటూ.

కాని నాకు ప్రాణం కోరుట్ల షెడ్డే. దాని యజమాని మొయిన్ సేటు. పొద్దున టీ సాసరులో పోసుకొని ఆఖరి చుక్క దాకా తాగందే ఎవరికీ ధర చెప్పేవాడు కాదు, చెప్పిన ధర తగ్గించేవాడు కాదు, తగ్గించమంటే ఆ సామానే లోపల పెట్టుకునేవాడు. "ముట్టకు, ముట్టకు! ఇనుపదేగద అని అందరు గుంజుడే" అని అరిచేవాడు. కాని నేను చచ్చిన కార్లలో ఎక్కి స్టీరింగ్ తిప్పుతుంటే మాత్రం చూడనట్టు ఉండేవాడు. ఆ షెడ్డు వెనక జాగలో నేను నడపని కారు లేదు. ఒక జీపుకు ఇంజన్ ఉండాల్సిన చోట గునుగు మొక్కలు గుబురుగా మొలిచి, బానెట్ లేని ముందు భాగంలోంచి తెల్లగా పూసేవి. దాన్ని నడుపుతుంటే పూలే ఇంజనై నన్ను లాక్కుపోతున్నట్టు ఉండేది. కార్బురేటరూ, సెల్ఫ్ మోటారూ, బ్రేకు సామానూ అన్నీ అక్కడే దొరికాయి. ఒక మూల ఆకుపచ్చ డోరు కూడా ఉంది, అచ్చం మాకు కావలసిందే. "డోరుదేముంది, ఆఖరుకు చూసుకుందాం" అన్నాడు నాన్న.

పండుగ తొలిరోజు, ఎంగిలిపూల బతుకమ్మ వచ్చేసింది. ఆ తరువాత ఒక సాయంత్రం, వాడకట్టు ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ ఆడుతుండగా, మా కారు ఒక్కసారి దగ్గి, నల్లటి పొగ కక్కి, గురగురమని ఇంజన్ అందుకుంది! నేను గంతులేశాను. నాన్న బానెట్ మీద చెయ్యేసి, కొత్త పెళ్లికొడుకులా ఫోజు పెట్టాడు. ఆడవాళ్లు పాట ఆపి చూశారు. అమ్మ మాత్రం చూడనట్టే ఆడుతూ పోయింది గాని, ఆ చుట్టులో అందరికంటే ఎక్కువ వంగి, అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

ఆరో నాడు అలిగిన బతుకమ్మ. ఆ రోజు మా దగ్గర ఎవరూ బతుకమ్మ పేర్చరు. నాన్న అరుగు మీద కాళ్లు చాపుకొని గోళ్లలోంచి గ్రీజు తీసుకుంటున్నాడు.

"పొద్దుగాల ఎన్నింటికి పోదాం?" అంది అమ్మ చీర మడతపెడుతూ.

"ఎక్కడికి? సద్దులకు ఇంక టైమున్నది గద."

అమ్మ మడత ఆపింది. "ఏములాడల సద్దులు రేపే."

మా జగిత్యాలలో పండుగ ముగిసే సద్దుల బతుకమ్మ తొమ్మిదో నాడు. వేములవాడలో ఏడో నాడే చేస్తారు. అక్కడి ఆడబిడ్డలు ఏడో నాడు పుట్టింట్లో ఆడి, తొమ్మిదో నాడు అత్తింట్లో ఆడతారు. పెళ్లయినప్పటినుంచి మామే వచ్చి తోలుకపోతుండటంతో ఆ లెక్కతో నాన్నకు ఎన్నడూ పనిబడలేదు. అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. అలిగిన బతుకమ్మ నాడు మా ఇంట్లో నిజమైన అలకే వచ్చి కూర్చుంది. రాత్రి నాన్నా నేనూ ఆ సారంగాపూర్ కోడి పెట్టిన గుడ్లు ఉడకబెట్టుకొని తిన్నాం.

తెల్లారేసరికి అమ్మ కొత్త చీర కట్టుకొని, బతుకమ్మ పేర్చడానికి ఖాళీ ఇత్తడి తాంబాలం పట్టుకొని బయటకు వచ్చింది. కారు ముందు ఎడమ పక్క ఉన్న బొంద వైపు చూసింది.

"డోరేది?"

"కోరుట్లల ఉన్నది" అన్నాడు నాన్న. "పెట్టిచ్చుకొని అటే పోదాం."

అమ్మ వెనక ఎక్కింది, నేను పక్కన కూర్చున్నాను. ఆ డోరు లేని కారులో కోరుట్ల దాకా పోయిన పోకడ ఏ విమానానికి తక్కువ? మక్కచేల మీది గాలి ఆ బొందలోంచి దూరి మా జుట్లు పీకింది. ఎదురొచ్చిన ప్రతి బస్సుకూ నాన్న సిరిసిల్ల హారన్ మోగించాడు. అది బర్రె అరిచినట్టు అరిచింది.

మొయిన్ సేటు టీ తాగడం అయ్యేదాకా ఆగి, డోరు తెప్పించి బిగించడం మొదలుపెట్టాడు. ఆ లోపు అమ్మా నేనూ వెనక జాగలో గునుగు కోశాం. నా జీపుది మొత్తం కోసేశాను. సేటు భార్య ఇంట్లోంచి బంతిపూలు ఒడిలో పోసింది, తంగేడు రోడ్డు పక్కనే దొరికింది. తాంబాలం నిండింది. కాని డోరు మూత పడలేదు. కీళ్లు సరిగ్గా కూర్చున్నాయి, లాకు మాత్రం అరిగిపోయి పట్టడం లేదు. వేస్తే తెరుచుకుంటుంది, మళ్లీ వేస్తే మళ్లీ తెరుచుకుంటుంది.

"మెట్‌పల్లి నుంచి లాకు తెప్పిస్త. రేపు రా" అన్నాడు సేటు.

అమ్మ సేటు వైపు తిరిగింది. తాంబాలం కింద పెట్టింది.

"రేపు మాకు పండుగ లేదన్నా. మా అన్న కాలిరిగి తోలుకపోనీకి రాలే. గీన కారన్నడు, కారు గిట్లున్నది. ఇగ ఇంటికే పోత."

నాకు ఏడుపొచ్చింది. కోసిన పూలన్నీ ఏం చేయాలో తెలియక వాటివైపు చూస్తూ నిలబడ్డాను. సేటు తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి చేతులు తుడుచుకున్నాడు, లోపలికి పోయి ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, టోపీ పెట్టుకొని వచ్చాడు, ముందు ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఆ ఆకుపచ్చ డోరును గట్టిగా ఒత్తి పట్టుకున్నాడు.

"అన్న అని పిలిచి ఇంటికి పోతనంటవేంది? కూసో" అని అమ్మతో అని, నాన్న వైపు తిరిగాడు. "నడువ్."

"ఏములాడ దాకనా సేటు? చెయ్యి నొస్తది."

"నొస్తె చెప్త."

ఇక చూడాలి ఆ ప్రయాణం! వెనక సీట్లో అమ్మా నేనూ బతుకమ్మ పేర్చడం మొదలుపెట్టాం. ఒక వరుస గునుగు, ఒక వరుస తంగేడు, ఒక వరుస బంతి. గుంత వస్తే బతుకమ్మ ఒరిగేది, ఇద్దరం నాలుగు చేతులతో పట్టుకునేవాళ్లం, అమ్మ నవ్వేది. అలిగిన తరువాత అమ్మ నవ్వు అదే మొదలు. రుద్రంగి దగ్గర ఇంజన్ వేడెక్కి ఆగితే నాన్న పొలం కాలువ నీళ్లు తెచ్చి రేడియేటరులో పోశాడు. సేటు అప్పుడూ చెయ్యి తీయలేదు. మధ్యమధ్య నాన్న అడుగుతూనే ఉన్నాడు, నొస్తున్నదా సేటు అని. ఆయన అదే మాట చెబుతూ ఉన్నాడు. ఆడవాళ్లు బతుకమ్మలు ఎత్తుకొని బయలుదేరే వేళకు మా అమ్మమ్మ ఇంటి ముందు హారన్ మోగింది. వాడకట్టంతా పరుగెత్తుకొచ్చింది.

నాన్న ఠీవిగా దిగి, కారును చూపించబోయాడు. ఎవరూ కారును చూడలేదు. అమ్మమ్మ చెంబుతో నీళ్లు పట్టుకొని, తోలుకొచ్చినవాళ్లకు ఇవ్వడానికి నిలబడింది.

"ఎవరు తోలుకచ్చిన్రు బిడ్డా?"

"అన్న" అంది అమ్మ, ముందు సీటు వైపు చూపిస్తూ.

అమ్మమ్మ ఒక్క క్షణం ఆయన టోపీ వైపు, ఆయన చెయ్యి వైపు చూసింది. "దిగు కొడుకా. కాళ్లు కడుక్కో."

సేటు వేళ్లు బిగుసుకుపోయి విడిరాలేదు. ఒక్కొక్కటి విప్పుకొని, నాన్నను పిలిచి, "ఇగ నువ్వు పట్టుకో" అని డోరు అప్పజెప్పాడు. మొయిన్ మామ మా మామ మంచం పక్కన కూర్చొని పెరుగు సద్ది, నువ్వుల సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు తిన్నంతసేపూ, ఆ ఇంటి అల్లుడు, రెండు ఊళ్లలో పరువున్న మనిషి, వీధిలో డోరు పట్టుకొని నిలబడ్డాడు. తాడు ఇవ్వమని అడగడానికి ఆయనకు పౌరుషం అడ్డొచ్చింది.

తరువాత మామ కాలు బాగైంది, మళ్లీ ఏటా వచ్చాడు. అయినా ఏటా ఆరో నాడు మొయిన్ మామ కూడా ఇస్త్రీ చొక్కాతో దిగేవాడు. షెడ్డు నిండా లాకులుండేవి, మా డోరుకు మాత్రం ఆయనకు ఎన్నడూ లాకు దొరకలేదు. నాన్న వేరేచోట కొంటానంటే, "అవన్ని నకిలీవి" అనేవాడు. అట్లా ఇద్దరు అన్నలు ముందు సీట్లో ఇరుక్కొని, ఒకరు డోరు పట్టుకొని, ఒకరు దారి చెబుతూ మా అమ్మను పుట్టింటికి తోలుకపోయేవాళ్లు. ఆ వాడకట్టులో అంత గొప్పగా వచ్చిన ఆడబిడ్డ ఇంకొకతె లేదు.

ఇప్పుడు ఆ షెడ్లు లేవు. జగిత్యాలది ఫంక్షన్ హాలైంది, సిరిసిల్లది ఇళ్లైంది, కోరుట్లది ప్లాట్లు చేశారు. మా అంబాసిడర్ ఏ ముక్కకు ఆ ముక్కగా ఎవరెవరి కార్లలోకో పోయింది. మామా లేడు, మొయిన్ మామా లేడు. తోలుకపోవడానికి ఎవరూ రారు కాబట్టి, మొన్నటి ఏడో నాడు నేనే కొత్త అద్దం పెట్టించిన కారు తీశాను. అమ్మ ముందు నా పక్కన కూర్చుంది, నాన్న వెనక కూర్చొని నా గేర్ల మీద సణుగుతున్నాడు. నేను ఏసీ వేశాను. కోరుట్ల మీదుగా ఆ పాత దారినే పోయి రుద్రంగి దాటాక చూస్తే అమ్మ తన పక్క అద్దం దించి, చెయ్యి బయటపెట్టి, డోరును గట్టిగా ఒత్తి పట్టుకొని కూర్చుంది.

"లాకు పడ్డదమ్మా. చెయ్యి నొస్తది, తియ్యి."

అమ్మ రోడ్డు వైపే చూస్తూ, చెయ్యి ఇంకొంచెం బిగించింది.

"నొస్తె చెప్త బిడ్డా."