తిరుపతి సార్ వెంట వెళ్లిపోయిన గొంతులు

నిన్న పొద్దున హాస్టల్‌లో స్టేటస్‌లు చూస్తుంటే తిరుపతి సార్ ఫొటో కనబడింది.

బర్త్‌డే అనుకున్నాను. కేక్ బొమ్మ పంపేశాను.

తర్వాత ఫొటో కింద రాసింది చదివాను.

మొన్న బడికి బైక్ మీద వెళ్తుంటే కొండగట్టు మలుపు దగ్గర వడ్ల లారీ. సార్ అక్కడికక్కడే పోయారు. ఆయన భుజాన ఉన్న బ్యాగు పక్కన గడ్డిలో పడింది. అందులోని ట్యాబ్‌కు గీత కూడా పడలేదు.

కరీంనగర్ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే ఆలోచించాను. మనిషి అద్దంలా పగిలాడు, అద్దం మాత్రం మిగిలింది.

మా ఊరి ప్రైమరీ స్కూల్‌లో చదివిన వాళ్లందరికీ ఆ ట్యాబ్ తెలుసు. ప్రభుత్వం ఇచ్చింది కాదు, సార్ సొంతానికి కొన్నది. మా పిల్లల్లో సగం మంది బాపులు గల్ఫ్‌లోనే. వాళ్లు ఛుట్టీకి వస్తే సార్ వదిలేవారు కాదు. బడికి పిలిచి, పిల్లల పుస్తకం చేతిలో పెట్టి, ఒక పాఠం చదివించి ట్యాబ్‌లో రికార్డ్ చేసేవారు. బాపు తిరిగి విమానం ఎక్కాక ఆయన బిడ్డ ఆ గొంతు వింటూ, పుస్తకంలో వేలు పెట్టి చదువుకునేది.

"సార్‌కు పని లేదు, పోరగాళ్లకు సినిమా సూపెడుతుండు" అని ఊళ్లో నవ్వేవాళ్లు. సార్ కూడా నవ్వేవారు.

మల్లేశం కాక రికార్డింగ్ రోజు నేను అక్కడే ఉన్నాను. కాక బిడ్డ సహస్ర అప్పుడు రెండో తరగతి. బడిలో నోరు తెరిచేది కాదు. కాక చదివింది కూడా తక్కువే. చీమ, పావురం కథలో "కృతజ్ఞత" దగ్గర ఆగిపోయాడు. క్రు అన్నాడు. కురు అన్నాడు. చెమట తుడుచుకున్నాడు.

"సార్, గిది నాతోని కాదు. దుబాయ్‌ల లారీ నడుపుమను, నడుపుత."

"కాకుంటే కాకపాయె. నువ్వు తడబడుడే గావాలె నాకు. చదువన్నా."

కాక మళ్లీ తడబడ్డాడు. వెనక బెంచీలోంచి సహస్ర అరిచింది. "బాపూ, కృతజ్ఞత!"

బడిలో ఆ పిల్ల గొంతు అందరం వినడం అదే మొదలు.

ఆ తర్వాత రోజూ ట్యాబ్‌లో కాక అదే చోట ఆగేవాడు. రోజూ సహస్ర అందించేది. పక్క పాఠాలు కూడా ముందే చదివి పెట్టుకునేది, ఈసారి బాపు వచ్చి చదువుతూ ఎక్కడైనా ఆగితే చెప్పాలని.

పోయినేడు కాక దుబాయ్‌లోనే, లేబర్ క్యాంపులో, నిద్రలో చనిపోయాడు. పెట్టెలో వచ్చాడు. పెట్టె తెరవనివ్వలేదు.

ఇక ఆ పాఠం పెట్టవద్దనుకున్నారు సార్. సహస్రే అడిగి పెట్టించుకుంది. బాపును దిద్దడం ఆపలేదు.

నేను సెలవులకు వచ్చినప్పుడు ఆ రికార్డింగ్‌లు ట్యాబ్‌లోనే కత్తిరించి ఇచ్చేవాణ్ని. "వేరే దాంట్ల కాపీ పెడుదాం సార్" అనేవాణ్ని. "మెమరీ కార్డ్ ఉన్నది గదరా, నీకేం ఫికర్?" అనేవారు. ఆ కార్డు ఉన్నది ఆ ట్యాబ్‌లోనే.

మా దిక్కు పోయిన మనిషికి ఇష్టమైనవి వెంట పంపుతారు. తాతకు చుట్టలు, ముసలమ్మకు వక్కల సంచి. పోస్ట్‌మార్టం అయి సార్ ఇంటికి వచ్చాక వాళ్ల అవ్వ ట్యాబ్‌ను ఆయన పాత తెల్లచొక్కాలో చుట్టి ఛాతీ మీద పెట్టిందట.

"సంకల బిడ్డ లెక్క మోసిండు నా కొడుకు. అది లేకుంట వానికేం తోస్తది?"

ఎవరూ వద్దనలేదు. నేను చేరేసరికి చితి అంటుకుంది.

కాసేపటికి మంటలోంచి టప్‌మని పేలింది. అందరం ఉలిక్కిపడ్డాం. పక్కనున్న ఒకాయన అన్నాడు, "బ్యాటరీ. సార్ సచ్చినా చార్జింగ్ దిగలే."

నలుగురు నవ్వారు. ఏం పేలిందో నాకప్పుడు అర్థమైంది.

ఈ మధ్య కొత్త మాట కనబడితే చాలు, రాసుకుంటున్నాను. ఆ నవ్వుకు మాత్రం పేరు దొరకలేదు.

సాయంత్రం సార్ ఇంటి ముందు సహస్ర నా చెయ్యి పట్టుకుంది.

"అన్నా, ట్యాబ్ ఏది? మా బాపు పాఠం ఇగ ఎవలు పెడ్తరు?"

సార్ వాళ్ల అవ్వ అరుగు మీదే కూర్చుని ఉంది. "రేపొద్దున చెప్త" అని సహస్రను ఇంటికి పంపాను.

ఈ రోజు పొద్దున ఆ పాఠం చదివి నా ఫోన్‌లో రికార్డ్ చేశాను. కాక ఆగిన చోటే ఆగాను. క్రు అన్నాను, కురు అన్నాను. సహస్ర వాళ్లింటికి పోయి ట్యాబ్ కాలిపోయిందని చెప్పాను, ఎలాగో చెప్పలేదు. నా రికార్డింగ్ వినిపించాను.

ఆ చోటు వచ్చింది. సహస్ర అందించలేదు. చివరిదాకా విని ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"నీకు సదువస్తది గదన్నా. ఊకెనే ఆగినవ్. మా బాపుకు నిజంగనే రాకపోతుండె."

దుబాయ్‌లో మల్లేశం కాకతో రూమ్‌లో ఉన్న అన్నలు ఎవరైనా ఇది చూస్తే, మీ ఫోన్లలో ఆయన గొంతు ఏ ముక్క ఉన్నా పంపండి. తిట్టు అయినా సరే.

మిగతా బాపులు ఛుట్టీకి వచ్చి మళ్లీ చదువుతారు. నేను రికార్డ్ చేస్తాను.

ఒక్కటే అడుగుతున్నాను. ట్యాబ్‌లో ఏమున్నదో సార్ వాళ్ల అవ్వకు ఎవరూ చెప్పవద్దు. కొడుకుకు తోడు పంపానని ఆమె రాత్రి ఇంత అన్నం తిన్నది.

పోయి రండి సార్. మీకు నెమ్మది దొరకాలి. మా వంతు ఇక్కడ ఉంచి పోయారు, అది మేం చూసుకుంటాం.