గాజా జాడీ కోసం నాగాయలంక దాకా

శనివారం ఉదయం ఆరుంబావుకి విజయవాడ బస్టాండులో నాగాయలంక బస్సెక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. కిటికీ సీటు దొరికింది. బస్సు వెళ్ళేది మూడు గంటల దూరమే అయినా నేను మాత్రం పదిహేను వందల ఏళ్ళు వెనక్కి పోతున్నానని నా నమ్మకం.

నేను డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. రోము సామ్రాజ్యం చివరి శతాబ్దాల్లో తూర్పు మధ్యధరా తీరాన జనం ఎలా బతికారో తవ్వకాల్లో దొరికిన వస్తువులతో నేర్పే కోర్సులో ఏడాది కిందట ఆన్‌లైన్‌లో చేరాను. నలభై రెండేళ్ళ వయసులో ఇదేం పిచ్చి అన్నారు ఇంట్లో. పిచ్చే, కాదనను. చివరి వ్యాసం సోమవారానికి పంపాలి. చేత్తో పట్టుకుని చూసిన వస్తువు గురించే రాయాలని షరతు. నాతో చదివేవాళ్ళు టర్కీలో, జోర్డాన్‌లో ఉన్నారు. వాళ్ళకి పెరట్లో గుంజ పాతినా పాత పెంకు తగులుతుంది. నేనుండేది బెంజి సర్కిల్ పక్కన. ఈ వ్యాసం నెగ్గితే వేసవిలో సైప్రస్ తవ్వకానికి రమ్మంటారు, లేకపోతే నా చదువు ఇంతటితో సరి.

అలాంటి సమయంలో నా విద్యార్థిని స్వాతి ఒక ఫోటో పంపింది. ఆ అమ్మాయిది నాగాయలంక దగ్గర చేపలు పట్టేవాళ్ళ ఊరు. అంతకుముందు క్లాసులో గాజా జాడీ బొమ్మ చూపించాను. గాజా ద్రాక్ష మద్యాన్ని ఓడల్లో దేశదేశాలకు పంపిన మట్టిజాడీ అది. కారకుండా లోపల నల్లటి బంక పూత, మూతి చుట్టూ నున్నగా తుడవకుండా వదిలేసిన మట్టి ముద్దలు దాని గుర్తులు. "మేడమ్, మా ఇంట్లో కోళ్ళకి నీళ్ళు పోసే సగం కుండ పెంకు అచ్చం ఇట్టాగే ఉంటుంది" అంది స్వాతి. ఫోటోలో నల్ల పూత ఉంది, మట్టి ముద్దలున్నాయి, వాటి మీద మూడు వేళ్ళు నొక్కిన గాళ్ళు కూడా ఉన్నాయి. గాజా కుమ్మరి వేళ్ళు! రోజుకి పదిసార్లు తీసి చూసుకున్నాను.

ఉయ్యూరులో ఒక నర్సుగారు నా పక్కన కూర్చున్నారు. ఎక్కడికని అడిగితే దాచుకోలేక అంతా చెప్పేశాను.

"గాజా అంటే టీవీలో చూపిస్తున్న ఊరేనాండీ?" అన్నారావిడ.

"ఆ ఊరేనండీ."

"మా బైబిల్ వాక్యంలో కూడా వస్తుందండీ. పాపం, ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవన్నమాట." పామర్రులో బస్సు పది నిమిషాలు ఆగితే ఇడ్లీ, అల్లం పచ్చడి తిన్నాం. చల్లపల్లిలో ఆవిడ దిగుతూ, "మీ జాడీ దొరకాలని ప్రార్థన చేస్తానండీ" అన్నారు.

తొమ్మిదీ ఇరవైకి నాగాయలంకలో దిగాను. స్వాతి ఆటో పట్టుకుని ఎదురొచ్చింది. పావుగంటలో వాళ్ళింటి ముందున్నాం. స్వాతి మామ్మ నాంచారమ్మ గారు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నారు. పెంకు కడిగి పీట మీద పెట్టి ఉంచారు. టేపు, భూతద్దం తీసి నిలబడే పాఠం మొదలుపెట్టాను. ఓడలు, ద్రాక్షలు, కుమ్మరి వేళ్ళు. ఆవిడ పూర్తిగా విన్నారు.

"అయ్యో తల్లీ, ఇంత దూరం వచ్చావా దీనికోసం! ఇది మా ఆయన గుగ్గిలం కుండమ్మా."

"గుగ్గిలమా?"

"పడవ చెక్కల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం చేపనూనెలో కాసి పోసేవోళ్ళం, నీళ్ళు రాకుండా. మంట మూతికెక్కిందంటే కుండంతా అంటుకుంటది. అందుకని మూతి సుట్టూ బంకమట్టి మెత్తాలి. మెత్తేదాన్ని నేనే."

ఆవిడ మూడు వేళ్ళు ఆ గాళ్ళలో పెట్టారు. సరిగ్గా కూర్చున్నాయి.

కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. స్వాతి తల దించుకుంది. నాకు ఏడుపొచ్చింది, వెంటనే నవ్వూ వచ్చింది. ఆ అమ్మాయిని దగ్గరకు తీసుకుని తప్పు నాదేనన్నాను. ఫోటోలోనే అడుగున మసి కనిపిస్తోంది, నేను చూడదలుచుకోలేదు.

నాంచారమ్మ గారు అన్నం తినకుండా కదలనివ్వలేదు. రొయ్యల ఇగురు అంత బాగా ఎక్కడా తినలేదు. తింటూనే అడగడం మొదలుపెట్టాను. గుగ్గిలం ఎంతసేపు కాగాలి, ఎటు వంచి పోస్తారు, పూత ఎక్కడ మందంగా పడుతుంది. మద్యం జాడీకి పూత లోపలంతా సమంగా ఉంటుంది, బయట మసి ఉండదు. దీనికి బయట మసి, మూతికి ఒకవైపు ఒలికిన చార. ఆరు పేజీలు రాసుకున్నాను.

రెండూ నలభైకి తిరుగు బస్సు. సీట్లో కూర్చుని సైప్రస్‌లో ఉన్న మా కోర్సు మేడంకి జరిగింది జరిగినట్టు రాసి, ఫోటోలు జతచేసి పంపాను. దాచి లాభం లేదు. పామర్రు వచ్చేసరికి జవాబు వచ్చింది.

"మా పెట్టెల్లో నల్ల పూత పెంకులు చాలా ఉన్నాయి. రేవు పక్కన దొరికినవాటికి కూడా మద్యం జాడీలని చీటీలంటించాం. మసి పట్టినవి తగలబడిన గిడ్డంగిలోవి అనుకున్నాం. పడవలకి పూత కాచిన కుండలేమో! ఆవిడ చెప్పిందే రాసి పంపు. వేసవిలో వచ్చి ఆ పెట్టెలన్నీ నువ్వే మళ్ళీ చూడాలి."

రెండుసార్లు చదివి స్వాతికి ఫోన్ చేశాను. స్వాతి కేక పెట్టి మామ్మకి చెప్పింది. ఆవిడ ఫోన్ లాక్కున్నారు.

"ఆ పెంకులన్నీ నువ్వొక్కదానివే సూత్తావా? పొద్దున పొరబడ్డావుగా. నన్నూ తీసుకుపో, ఏది ఏదో నేను సెబుతా."

బస్సులో అందరూ తిరిగి చూసేట్టు నవ్వాను. కంకిపాడు దాటుతుండగా ఫోన్‌లో వ్యాసం తెరిచి, పాత శీర్షిక కొట్టేసి, రాసినవారు అన్నచోట ముందు నాంచారమ్మ గారి పేరు రాశాను. దాని కింద నాది.